మాటలు వచ్చినను వాక్యము రాని పిల్లలు



నా వృత్తి చదువు చెప్పుట. ముప్పది సంవత్సరములకు పైగా పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగును, ఇంగ్లీషును బోధించి విశ్రాంతి తీసికొన్నవాడను. ఆ వృత్తిలో నేను చేసిన యొక పొరపాటును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచినాను. పొరపాటు నాది, దాని ఫలము అనుభవించినవారు వేరొకరు. అందుచేతనే చెప్పక తప్పదని తోచినది.

నా యొద్ద చదివిన బాలురలో ఒకడు మిక్కిలి శ్రద్ధ గలవాడు. దినమునకు పది ఇంగ్లీషు మాటలను అర్థములతో గూడ వల్లించి మరునాడు అప్పజెప్పవలెనని నేను తరగతికి నియమము పెట్టియుంటిని. తక్కినవారు ఆరో యేడో చెప్పి తల వంచుకొనెడివారు. ఈ బాలుడు పదికి పదియు చెప్పెడివాడు. సంవత్సరము ముగియునప్పటికి వానికి రమారమి రెండువేల మాటలు వచ్చినవి. నేను వానిని తరగతిలో నిలువబెట్టి మెచ్చుకొంటిని. వానికంటె నేనే యెక్కువగా సంతోషించితినేమో!

కొన్ని యేండ్లు గడచినవి. వాని తండ్రికి జ్వరము పట్టుకొని విడువనందున దూరపు పట్టణములోని యొక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చెను. అచ్చటి వైద్యునకు తెలుగు రాదు. కొడుకు ఇంగ్లీషు చదివినవాడు గదా యని తండ్రి ధైర్యముగా నుండెను. వైద్యుడడిగిన ప్రశ్నలను కుర్రవాడు చాలవరకు గ్రహించెను. వాడు చెప్పవలసిన సంగతి ఇది: ఊరి వైద్యుడిచ్చిన మాత్రలు వేసికొనగా జ్వరము తగ్గినది, తగ్గినది గదా యని మాత్రలు ఆపివేసిరి, ఆపిన మూడవనాడు మరల జ్వరము వచ్చినది. ఇంతే. వానికి టాబ్లెట్ తెలియును, ఫీవర్ తెలియును, స్టాప్ తెలియును, త్రీ డేస్ తెలియును, ఎగైన్ తెలియును. ఈ మాటలను గుప్పెట గులకరాళ్ళవలె పట్టుకొని వాడు వైద్యుని ముందర నిలువబడి, "టాబ్లెట్, ఫీవర్ స్టాప్, త్రీ డేస్, ఎగైన్ ఫీవర్, టాబ్లెట్ స్టాప్" అనెను.

వైద్యుడు దీనినెట్లు అర్థము చేసికొనెను? మాత్రలు వేసికొనుచుండగనే మూడు దినములు ఆగిన జ్వరము మరల వచ్చినదనియు, అందుచేత మాత్రలు ఆపినారనియు, అనగా ఆ మందు రోగికి పట్టలేదనియు గ్రహించి, అంతకంటె తీవ్రమైన మందు వ్రాయబోయెను. అదృష్టవశమున తెలుగు వచ్చిన నర్సు ఒకామె అచ్చట నుండెను. ఆమె తండ్రిని రెండు ప్రశ్నలడిగి వైద్యునితో ఒక్క వాక్యము చెప్పెను. ఆయన వ్రాసిన కాగితమును కొట్టివేసి, పాత మాత్రలనే పూర్తిగా వాడుమని చెప్పి పంపెను.

ఆ కుర్రవాడు ఊరికి వచ్చిన తరువాత మా యింటి అరుగుమీద కూర్చుండి ఈ సంగతి యంతయు చెప్పి, "మాటలన్నియు వచ్చును మాస్టారూ, వానిని కలుపుటయే మీరు చెప్పలేదు" అనెను. నిష్ఠురముగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్లే చెప్పెను. ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

నేను చదువనిది కాదు ఈ విషయము. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు తెలుగునాటివాడని పండితులు చెప్పుదురు. సంస్కృత పాఠశాలలలో నేటికిని తర్కమునకు మొదటి పుస్తకము అదియే. మాటల గుంపు వాక్యము కావలెనన్న మూడు గుణములుండవలెనని అందు చెప్పబడినది: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాట మరియొక మాటకొరకు ఎదురుచూచుట ఆకాంక్ష. "తెచ్చెను" అనగానే ఎవరు, ఏమి అని వినువాని మనస్సు అడుగును. ఆ అడుగుటయే ఆకాంక్ష. "నిప్పుతో తడుపుము" అన్నచో మాటలు ఒకదానికొకటి అతికినను అర్థము పొసగదు; అచ్చట యోగ్యత లేదు. ఇక "ఆవును" అని యిప్పుడు ఒక మాట, జాముసేపటికి "తెమ్ము" అని మరియొక మాట పలికినచో సన్నిధి లేదు. ఆకాంక్ష లేని దానికి శాస్త్రకారులిచ్చిన ఉదాహరణము వినుడు: ఆవు, గుర్రము, మనిషి, ఏనుగు. ఎన్ని మాటలు చేర్చినను వానిలో నేదియు మరియొకదానిని పిలువదు.

నేను దినమునకు పది చొప్పున నల్లబల్లపై వ్రాసిన మాటల పట్టీ అచ్చముగా ఆవు, గుర్రము, మనిషి, ఏనుగే. పాఠశాలలో శాస్త్రులుగారి వద్ద కూర్చుండి ఈ ఉదాహరణమును నవ్వుచు నేర్చుకొన్న నేను, బడిలో దానినే పాఠముగా చెప్పితిని!

తప్పు నా యొక్కనిదే యనుట కూడ సరికాదు. మన వ్యాకరణముల అలవాటు కొంత యున్నది. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణములో పది పరిచ్ఛేదములు గలవు. సంధికి ఒకటి, సమాసమునకు ఒకటి, క్రియకు ఒకటి గలదు. వాక్యమునకు ప్రత్యేకముగా పరిచ్ఛేదము లేదు. కారక పరిచ్ఛేదములో విభక్తుల ప్రయోగము చెప్పబడినది గాని, వాక్యము కట్టుట యను పని అందు వేరుగా కనబడదు. తెలుగు బిడ్డకు ఆ లోటు తెలియదు. ఏలయన తెలుగు వాక్యమును తల్లి ఒడిలోనే కట్టుట నేర్చి బడికి వచ్చును. పరభాష నేర్చునపుడే ఆ లోటు బయటపడును.

మన వాక్యమునకును ఇంగ్లీషు వాక్యమునకును గల భేదమును ఒకసారి చూడుడు. "బాలుడు ఆవును చూచెను" అన్నను, "ఆవును బాలుడు చూచెను" అన్నను మనకు అర్థము మారదు. "ను" అను చిన్న ప్రత్యయము ఆవును పట్టుకొని విడువదు. ఎచ్చట నిలిపినను చూడబడినది ఆవే. ఇంగ్లీషులో ఆ ప్రత్యయము లేదు. "ది బాయ్ సా ది కౌ" అన్నచో బాలుడు ఆవును చూచెను. మాటలను తారుమారు చేసి "ది కౌ సా ది బాయ్" అన్నచో ఆవే బాలుని చూచినదగును. ఆ భాషలో స్థానమే విభక్తి. ఈ యొక్క మాటను మొదటి నెలలో పిల్లవానికి నాటింపగలిగిన యుపాధ్యాయుడు సగము పని చేసినవాడు.

మరియొక భేదము. మన ఊరేగింపులో మేళతాళములు, దివిటీలు ముందు నడువగా దేవుడు చివర వచ్చును. మన వాక్యములో క్రియయు అట్లే. "అన్న నిన్న సంతనుండి చెల్లెలికొరకు గాజులు తెచ్చెను" అన్నపుడు "తెచ్చెను" అను మాట వచ్చువరకు వినువాడు కాచుకొని యుండవలెను. ఇంగ్లీషులో కర్త వెనుకనే క్రియ వచ్చును. పరివారము తరువాత నడుచును. మనము వాక్యమును పెంచినప్పుడు క్రియకు ముందు పెంచెదము, వారు క్రియకు తరువాత పెంచెదరు. "అతడు రైతు" అని మనము రెండు మాటలతో ముగించినచోట వారికి మధ్య "ఈజ్" అను క్రియ కావలెను. మన పిల్లవాడు "హి ఫార్మర్" అన్నచో వాడు మూఢుడు కాడు. తెలుగు వాక్యమును ఇంగ్లీషు మాటలతో కట్టినవాడు. వాడు కట్టిన దానిని మొదట గుర్తించి, తరువాత దిద్దవలెను. నేను వెనుక ముందు చూడక బెత్తము తీసికొనెడివాడను.

హిందీ సంగతి వేరు. అచ్చట క్రియ మనకువలెనే చివర వచ్చును గనుక మన పిల్లలు త్వరగా మాటలాడుదురు. కాని తిన్నవాడు రాముడైనను, "రామ్ నే రోటీ ఖాయీ" అని క్రియ రొట్టెను బట్టి స్త్రీలింగమగుట మనవారికి మింగుడుపడదు. దగ్గర చుట్టముతో వచ్చెడి తగవులవంటివి అవి.

వాక్యమే భాషకు మొదటి ఇటుక యని మన దేశములోనే, మన తెలుగువాడే చేసి చూపిన సందర్భ మొకటి గలదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ చుట్టుపట్టు కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు అప్పుడు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. పంతులుగారు తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంటిలో నుంచుకొని, అతడు మాటలాడగా విని ఆ భాషను నేర్చుకొనిరి. తమ సొమ్ముతో బడులు పెట్టి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. వ్యాకరణము, నిఘంటువు చివర వచ్చినవి. వినికిడి మొదట వచ్చినది. ఆ వరుసను గమనింపుడు.

ఆ భాషలో ఒక చిత్రమున్నది. "పులి నిన్ను పట్టును" అని మనము మూడు మాటలలో చెప్పుదానిని సవరలు ఒక్క మాటలో చెప్పగలరు. పట్టుట, పులి, నిన్ను అను మూడును ఒకే పదములో ఇమిడిపోవును. పులికి ఒక మాట, పట్టుటకు ఒక మాట అని పట్టీ వ్రాసికొని కొండయెక్కినవాడు ఆ మాట విని, హెచ్చరిక యని తెలియకయే నిలువబడును. నిండు వాక్యమును అది పుట్టిన సందర్భముతో గూడ వినినవాడు పరుగెత్తును. (వాడుక భాషకొరకు జీవితమంతయు పోరాడిన పంతులుగారిని నేనీ గ్రాంథికములో కొనియాడుట వినియున్నచో వారు నవ్వియుందురు. అలవాటు, ఏమి చేయుదును?)

ఇక పని యెట్లు చేయవలెనన్నది చెప్పెదను. సంస్కృతము చెప్పెడి శాస్త్రులవారు శ్లోకమునకు అర్థము చెప్పుటలో ఖండాన్వయ మను మార్గము నవలంబింతురు. ముందుగా క్రియను పట్టుకొందురు. తరువాత ప్రశ్నలు: ఎవడు చేసెను? దేనిని? దేనిచేత? ఎచ్చట? ఎట్టివాడు? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క మాట వచ్చి తన చోట కూర్చుండును. ఇది పద్యమును విప్పుటకు ఏర్పడిన మార్గము. నేను దానిని తిరుగవేసి కట్టుటకు వాడితిని. నల్లబల్లమీద "బ్రాట్", అనగా తెచ్చెను అని వ్రాసి, ఎవరు అని అడుగుదును. "మై బ్రదర్" అని ఒకడు చెప్పును. దానిని క్రియకు ఎడమ ప్రక్కన వ్రాయుదును. ఏమి తెచ్చెను? "బ్యాంగిల్స్": అది కుడి ప్రక్కన. ఎవరికొరకు? "ఫర్ మై సిస్టర్": ఇంకను కుడి ప్రక్కకు. ఎచ్చటినుండి? "ఫ్రమ్ ది మార్కెట్": చివరకు. నాలుగు ప్రశ్నలకు నిండు వాక్యము బల్లపై నిలిచినది. దానిని కట్టినవారు పిల్లలే. మాటకు చోటు తెలిసినది, చోటుకు కారణము తెలిసినది. దినమునకు పది మాటల నియమము ఎగిరిపోయినది. మూడో నాలుగో మాటలతో గంట గడచెడిది.

దీనికి తోడు మరియొక సాధనము గలదు. హెరాల్డ్ పామర్ అను ఆంగ్లేయుడు 1916లో నూరు పట్టికలతో ఒక పుస్తకము ప్రకటించెను. ఒక్కొక్క పట్టికలో ఒకే అచ్చు వాక్యము. దాని భాగములు నిలువు వరుసలుగా నుండును. మొదటి వరుసలో నాలుగు కర్తలు, రెండవ వరుసలో నాలుగు క్రియలు, మూడవ వరుసలో నాలుగు కర్మలు ఉన్నవనుకొనుడు. ఏ వరుసనుండి యేది తీసికొని కలిపినను సరియైన వాక్యమే యగును. పండ్రెండు మాటలతో అరువదినాలుగు వాక్యములు! తప్పు చెప్పుదునేమో యను భయము గల బిడ్డకు ఇది గొప్ప ఊతకఱ్ఱ. 1950, 1960 దశాబ్దములలో దక్షిణదేశపు బడులలో ఇట్టి వాక్యపు అచ్చులతో బోధించు పద్ధతి విరివిగా వ్యాపించెను.

కాని ఊతకఱ్ఱ కాలు కాదు. పట్టికను గడగడ చదివిన పిల్లవాడే, బడి వాకిట ఎవరైన ఏదైన అడిగినచో నోరు మెదపడు. ఇది నేను కన్నులార చూచినది. పట్టికలో వాడు చెప్పిన వాక్యముతో వానికి పని లేదు. ఎవరికిని చెప్పవలసినది కాదు. ఈ లోపమును గమనించి ఎన్. ఎస్. ప్రభు అను విద్వాంసుడు 1979 మొదలు 1984 వరకు దక్షిణభారతపు పాఠశాలలు కొన్నింటిలో వేరొక ప్రయోగము నడపెను. అందు వ్యాకరణపు అచ్చులు వల్లె వేయించుట లేదు. రైళ్ళ వేళల పట్టీయో, ఒక ఊరి పటమో ఇచ్చి, ఫలానా వేళకు ఫలానా ఊరు చేరవలెనన్న ఏ బండి ఎక్కవలెనని అడుగుదురు. పిల్లల బుద్ధియంతయు బండిమీద నుండును. వాక్యము దానికై పుట్టును. అర్థమునందు మనస్సు లగ్నమై యున్నపుడే భాష యొక్క కట్టడి లోపల పట్టువడునని ఆయన 1987లో పుస్తకముగా ప్రకటించెను.

నా మట్టుకు నాకు రెండును కావలెననియే తోచుచున్నది. కొత్తగా ఈత నేర్చువాడు మొదట బెండ్లు కట్టుకొనును. కొన్ని నాళ్ళకు బావిలోనికి త్రోయువాడు ఒకడు కావలెను. పండితులు తమలో తాము వాదించుకొందురు. మన పిల్లలు బావి గట్టున కాచుకొని యున్నారు.

బావిలోనికి త్రోసిన తరువాత అడుగడుగున తప్పు పట్టరాదు. నేను తొలినాళ్ళలో పిల్లవాడు నోరు తెరచి రెండు మాటలు పలుకగానే ఆపి దిద్దెడివాడను. మూడవ మాట పుట్టెడిది కాదు. తరువాత తరువాత, వాడు చెప్పదలచినది ముగియనిచ్చి, "ఓహో, అట్లా జరిగినదా?" అని వాని మాటనే సరియైన రూపున తిరిగి పలికెడివాడను. వినగా వినగా వాడే మార్చుకొనెడివాడు. తరగతిలో సందడి యెక్కువై, ఇది బడియా సంతయా యని ఒకరిద్దరు తోడి యుపాధ్యాయులు అడిగిరి. సంతలో ఊరక కూర్చున్నవానికి ఏమియు దొరకదని చెప్పితిని.

"మాకు ఇంగ్లీషు రాదు, ఇందు మేము చేయునది యేమున్నది?" అని మీలో పెక్కురు అనుకొనుచుందురు. ఆసుపత్రిలో ఆ కుర్రవానికి లోపించినది ఏమో మరల తలచుకొనుడు. "తగ్గినది గనుక ఆపితిమి, ఆపిన తరువాత వచ్చినది." వానికి రాని మాటలు "గనుక", "తరువాత" అనునవి. ఒక పనిని మరియొక పనికి ముడివేయు మాటలివి. పది మాటల పట్టీలో నేను వీనిని ఒక్కనాడును వ్రాయలేదు. ఏలయన వీనికి విడిగా అర్థము చెప్పుట కష్టము. ఈ ముడివేయు అలవాటు ఏ భాషలోనైనను ముందుగా ఇంటిలో పుట్టవలెను.

మనుమని కొట్టుకు పంపి ఉప్పు తెమ్మన్నారు. వాడు వట్టిచేతులతో వచ్చి "లేదు" అనెను. మనము సాధారణముగా "సరే, పో" అందుము. అట్లనక, ఎందుకు లేదు? ఎప్పుడు వచ్చును? అని అడుగుడు. "బండి రాలేదు గనుక కొట్టులో ఉప్పు లేదట; రేపు వచ్చినచో మనకు ఎత్తిపెట్టెదనన్నాడు" అని వానిచేత చెప్పింపుడు. ఇందు గనుక యున్నది, అయినచో యున్నది, ఒకరన్న మాట మరియొకరికి చెప్పుటయు ఉన్నది. తెలుగులో ఈ ముడులు వేయుట వచ్చిన బిడ్డకు ఇంగ్లీషులో "బికాజ్", "ఇఫ్" అను మాటలు ఎచ్చట కావలెనో వెదకుకొనుట వచ్చును. నేడు పల్లెలలో గూడ మొదటి తరగతినుండి ఇంగ్లీషున చదువుచున్న పిల్లలు చాలమంది గలరు. వారితో ఇంటిలో ఎవరును నాలుగు నిండు వాక్యములు తెలుగులో మాటలాడకున్నచో వారికి రెండు భాషలలోను గులకరాళ్ళే మిగులును.

బడికి పోయినపుడు ఉపాధ్యాయుని "మావానికి ఎన్ని మాటలు వచ్చినవి?" అని అడుగకుడు. ఆ ప్రశ్న నన్ను చాల యేండ్లు తప్పుదారిని నడపినది; ఏలయన లెక్క చూపుట సులభము, తండ్రులు సంతసింతురు. "ఈ వారము వాడు తనంత తాను చెప్పిన సంగతి యేమి?" అని అడుగుడు. మీ ఊరి బస్సు నిలుచు చోట వేళల పట్టీ యున్నచో పిల్లవానిని దానిముందు నిలిపి, మధ్యాహ్నపు బస్సు తప్పినచో ఏమి చేయవలెనని అడిగి చూడుడు. తెలుగున చెప్పిన పిమ్మట దానినే ఇంగ్లీషున చెప్పుమనుడు. సరిగా చెప్పెనో లేదో మీకు తెలియనక్కరలేదు. వాడు ఎక్కడ ఆగినాడో మీకు తెలియును. ఆ చోటు గురుతుపెట్టుకొని ఉపాధ్యాయునికి చెప్పుడు.

మొన్న ఆ కుర్రవాడు మా యింటికి వచ్చెను. కుర్రవాడనుట నా యలవాటు. వానికిప్పుడు బడికి పోవు కూతురున్నది. పిల్లను వెంటబెట్టుకొని వచ్చెను. నేను ఊరకుండలేక, ఈ దినము బడికేల పోలేదని ఆ పిల్లను ఇంగ్లీషున అడిగితిని. అది తండ్రి ముఖము చూచి, నా ముఖము చూచి, కొంతసేపు తడవుకొని, "ఐ నో గో స్కూల్, బికాజ్ మై గ్రాండ్‌మదర్ ఫీవర్ కమ్" అనెను. తప్పులున్నవి. బికాజ్ మాత్రము తన చోటనే యున్నది. నేను దిద్దలేదు. మామ్మకు జ్వరము ఎప్పటినుండి యని అడిగితిని.